పన్నెండు పలకల మీద ఒకటే మచ్చ

మునిశేఖర్‌కు భయం కొత్తేమీ కాదు. బడిలో అయ్యవారికి భయపడ్డాడు, పెళ్లయ్యాక మామగారికి భయపడ్డాడు, ఉద్యోగంలో చేరాక కెమెరాకు భయపడటం మొదలుపెట్టాడు. కుప్పం దగ్గరి గ్రానైటు ఫ్యాక్టరీలో పాలిషైన ప్రతి రాతిపలకకూ ఫొటో తీసి కొనేవాళ్లకు పంపడం అతని పని. వాళ్ల నాయన అదే రాయిని క్వారీలో సమ్మెటతో కొట్టి బతికాడు. కొడుకు నెలజీతగాడై, చొక్కా నలగకుండా ఇంటికొస్తున్నాడు. ఆ బతుకు ఎక్కడ చేజారిపోతుందోనన్నదే అతని దిగులంతా.

కెమెరా లోపల సెన్సార్ అని ఒక చిన్న బిళ్ల ఉంటుంది. బొమ్మ పడేది దాని మీదే. రాతిదుమ్ము నలుసొక్కటి దాన్ని అంటుకుంటే, ఆ తర్వాత తీసే ప్రతి ఫొటోలోనూ అదే చోట మచ్చ వస్తుంది. అందుకని లెన్సు మార్చాల్సి వస్తే ఆఫీసు గదిలో, ఫ్యాను ఆపి, కెమెరా నోరు కిందికి వంచి మార్చేవాడు. ఆరేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. పోయిన సోమవారం మాత్రం లారీ కదలాలని డ్రైవరు తొందరపెడితే, రాతిదుమ్ము లేచే కోత షెడ్డులోనే లెన్సు విప్పాడు.

గురువారం ఫొటోలు చూసిన కొనుగోలుదారు పన్నెండు పలకలు వద్దన్నాడు. అన్నిటికీ కుడిపక్క పైమూల నల్లమచ్చ ఉందట. పలకలు అప్పటికే చెన్నై రేవుకు వెళ్లిపోయాయి, తిప్పి చూద్దామన్నా ఎదురుగా లేవు. మేనేజర్ సుదర్శన్, పాలిష్ పట్టే కృష్ణప్పను అందరి ముందూ నిలదీశాడు.

"అన్నిటికీ ఒకే తావున మచ్చ పడిందంటే అది నీ మిషన్ పనేగదప్పా? కండ్లు యాడ పెట్టుకోనుండావు? రేపట్నుంచి రావద్దు."

కృష్ణప్ప మునిశేఖర్ వైపు తిరిగాడు. "ఫొటో తీసినోడివి నువ్వు. సెప్పు శేఖరా, రాయికి మచ్చ ఉండిందా?"

"నేను సరిగా సూడలేదన్నా," అన్నాడు మునిశేఖర్. చూశాడు. రాళ్లు అద్దాల్లా ఉన్నాయి.

గదిలోకి వెళ్లి కంప్యూటర్లో ఫొటోలు ఒక్కొక్కటే జరిపాడు. రాతి చారలు మారుతున్నాయి, మచ్చ మాత్రం కదల్లేదు. సోమవారం షెడ్డులో లెన్సు విప్పడం గుర్తొచ్చింది.

అన్నాల వేళకు తలుపు గడియ పెట్టి, ఫ్యాను ఆపి, లెన్సు విప్పాడు. రబ్బరు బుడ్డితో గాలి కొట్టి పరీక్షగా ఒక ఫొటో తీశాడు. మచ్చ పోలేదు. ఇక మిగిలింది కొసకు మెత్తటి గుడ్డ చుట్టిన పుల్ల. దానికి సెన్సార్ తుడిచే మందు ఒక్క చుక్క వేశాడు. ఎడమ నుంచి కుడికి ఒక్కసారి తుడిస్తే చాలు. కాస్త గట్టిగా నొక్కితే గీత పడి కెమెరా పోతుంది, కెమెరాతో పాటు తనూ పోతాడు. తుడిచేస్తే ఎవరికీ ఏమీ తెలియదు, అనుకున్నాడు. అనుకోగానే అసలు భయం పట్టుకుంది. కృష్ణప్ప తప్పు చేయలేదని కూడా ఇంకెవరికీ తెలియదు.

పుల్ల బల్ల మీద పెట్టేశాడు. లెన్సు బిగించి మేనేజర్ గదికి వెళ్లాడు. రాళ్లకు పెట్టే సెట్టింగులతోనే సుదర్శన్ వెనకున్న తెల్లగోడను ఫొటో తీసి చూపించాడు. కుడిపక్క పైమూల మచ్చ ఉంది. సుదర్శన్ లేచి గోడను చేత్తో తడిమాడు.

"గోడకు లేదే. దీంట్లో ఎట్లొచ్చింది?"

"కెమెరాలో ఉండాది సార్ మచ్చ. రాళ్లకు లేదు. షెడ్డులో లెన్సు ఇప్పింది నేనే."

"మరి పొద్దున యాల సెప్పలేదు?"

"భయమేసింది సార్."

"ఇప్పుడు ఎయ్యలేదా?"

"ఇప్పుడూ ఏస్తాండాది సార్."

సుదర్శన్ ఫోన్ తీసి, కృష్ణప్ప ఇంటికి పోతుంటే గేటు దగ్గరే ఆపి, తిరిగి పనిలోకి పంపమని వాచ్‌మన్‌కు చెప్పాడు. మునిశేఖర్‌ను మాత్రం కూర్చోమనలేదు.