తీసేసిన పక్కగోడ

ఏ వస్తువు ఎదురుపడినా అహ్మద్ ముందుగా దాని పక్కకు అరచెయ్యి ఆనిస్తాడు. ఆనించి, ఒక చివరి నుంచి ఇంకో చివరికి మెల్లగా జరుపుతాడు. సిటీ బస్సు, గ్యాస్ సిలిండరు, కుట్టుమిషను, ఫిషింగ్ హార్బరులో ఒడ్డుకు లాగిన బోటు, ఏదైనా సరే. ఎక్కడో ఒకచోట ఆ చెయ్యి ఆగుతుంది. కోస్తే అక్కడ కొయ్యాలి. అక్కడ కోస్తేనే లోపలిదంతా ఒక్క చూపులో కనబడుతుంది.

"ఏటి బావా, బస్సుకి జొరం సూత్తన్నావా?" అని కండక్టర్లు ఆటపట్టించేవారు. ఆయన నవ్వేసి బస్సెక్కేవాడు.

ఆయనకిప్పుడు అరవై మూడు. విశాఖ వన్ టౌన్‌లో, పాత పోస్టాఫీసు వెనక సందులో రెండు గదుల ఇల్లు. పెళ్లి చేసుకోలేదు. భర్త పోయిన అక్క సర్దార్ బీ, ఆయన, ఇద్దరే ఉంటారు. ఆవిడ దిండు గలీబులు కుడుతుంది. ఆయన పడవల మీద పేర్లు, నంబర్లు రాస్తాడు. అంతకుముందు ఇరవై రెండేళ్లు ఓడలు బాగుచేసే ఒక చిన్న యార్డులో డ్రాయింగులకు నకళ్లు తీశాడు. కంప్యూటర్లు వచ్చాక ఆ గదికి తాళం పడింది. పెన్నులు, స్కేళ్లు, వాలుబల్ల ఆయనతో పాటు ఇంటికి వచ్చాయి.

ఆ బల్ల మీద ఆయన విమానాలు గీసేవాడు. ఒక పక్క గోడ తీసేసి, లోపలి పక్కటెముకలు, గొట్టాలు, తీగలు, ఇంజను, కుర్చీ అన్నీ కనబడేట్టు. కోత బొమ్మలు అనేవాడు వాటిని. మనం రోజూ ఆకాశంలో చూసే విమానాల జోలికి వెళ్లేవాడు కాదు. తోక మీద నిలబడి లేచేవి, పళ్లెంలా గుండ్రంగా ఉండేవి, రెక్కలు ముందుకు తిరిగినవి, చక్రాలే లేనివి. ఎవరో ఎక్కడో ఒక్కటంటే ఒక్కటి చేసి, రెండుసార్లో మూడుసార్లో ఎగరేసి వదిలేసినవి. పాత కాగితాల కొట్లలో దొరికిన విదేశీ పత్రికల్లో వాటి ఫొటోలు వెతికి, ఆర్నెల్లకొక బొమ్మ పూర్తి చేసేవాడు. ఎవరూ అడగలేదు. ఎక్కడా అచ్చు కాలేదు. మంచం కింద రేకు పెట్టెలో నలభై ఒక్క బొమ్మలు ఉన్నాయి.

"లోకమంతా ఇరిగిందాన్ని అతికించుకుంటంటే, నువ్వు బాగున్నదాన్ని సింపి సూపిత్తావేట్రా?" అనేది సర్దార్ బీ.

"సింపలేదు ఆపా. లోపలేటుందో కనబడాలని గోడ తీసానంతే."

"నీ పొట్ట కూడా ఓసారి అలా తీసి సూసుకో. టీ తప్ప ఏటీ కనబడదు."

ఆ బొమ్మల్లో మనుషులు ఉండరు. కుర్చీ ఉంటుంది, బెల్టు ఉంటుంది, కాళ్లు పెట్టుకునే చోటు ఉంటుంది. మనిషిని కూర్చోబెడితే చూసేవాళ్లు మనిషినే చూస్తారని, యంత్రాన్ని చూడరని ఆయన నమ్మకం. ఆ కట్టుబాటు ఒక్కసారే తప్పాడు.

మూడేళ్ల కిందట హార్బరులో ఒక పడవకు నంబరు రాస్తుంటే ఉమామహేష్ వచ్చి వెనక నిలబడ్డాడు. భీమిలి అవతల ఒక పల్లె వాడిది. తండ్రి వీరన్న సముద్రం మీద వేటకు వెళ్తాడు, తల్లి సూర్యకాంతమ్మ చేపలమ్ముతుంది. వాడు డిప్లొమా చదివి, తగరపువలసలో ఫైబరు పడవలు పోతపోసే షెడ్డులో పని చేస్తున్నాడు.

"బాబాయ్, విమానాలు గీసేది నువ్వేనంట గదా?"

"గీత్తాను. అయితే ఏటి?"

"నాను ఒకటి సేత్తన్నాను."

అహ్మద్ కుంచె పక్కన పెట్టాడు.

వాడు చేస్తున్నది విమానమూ కాదు, పడవా కాదు. నీటికి బారెడు ఎత్తున, అలల మీదుగా రెక్కలతో దూసుకుపోయే ఫైబరు పడవ. వేటకు వెళ్లినవాళ్లలో ఎవరికైనా నడిసముద్రంలో ఒంట్లో బాగోకపోతే అరగంటలో ఒడ్డుకు తేవచ్చని వాడి లెక్క. పల్లెలో అందరూ దాన్ని రెక్కల పడవ అని ఎగతాళి చేసేవారు. వీరన్న దాని పేరే ఎత్తేవాడు కాదు. వేటకు రావలసిన కొడుకు షెడ్డులో పడి ఉంటున్నాడని ఆయన బాధ.

ఆదివారాలు అహ్మద్ తగరపువలస వెళ్లేవాడు. ఎక్కడో పరాయిదేశంలో, తను పుట్టకముందే తుక్కయిపోయిన యంత్రాలను గీసినవాడికి, చేత్తో ముట్టుకోగలిగింది దొరకడం అదే మొదలు. రెక్కల పడవ ఎడమ పక్కన ఆయన చెయ్యి ఆగింది. అటు కోస్తే ఇంజను నుంచి తోక దాకా అంతా కనబడుతుంది. కూర్చునే చోటికి పైన మూత. మూతకు లోపల్నుంచి తిప్పే ఉక్కు పిడి. ఆ పిడిని ఆయన మూడుసార్లు గీసి చెరిపాడు, వంపు సరిగా వచ్చేదాకా.

"బాబాయ్, నన్ను కూడా కూర్సోబెట్టీ అందులో," అన్నాడు ఉమామహేష్ ఒకరోజు.

"నాను మనుసుల్ని గీయన్రా."

"మాయమ్మకి యంత్రం ఏటి తెలుస్తాది? నాను కనబడితేనే గోడకి తగిలిస్తాది."

కూర్చోబెట్టాడు. ముఖం చింతగింజంత. అయినా చెవులు చూస్తే వాడేనని తెలిసిపోతుంది. సూర్యకాంతమ్మ ఆ బొమ్మకు అద్దం కట్టించి, గుమ్మానికి ఎదురుగోడ మీద తగిలించింది.

కిందటేడు మార్చిలో, సముద్రం సద్దుమణిగి ఉన్న ఒక పొద్దున, ఉమామహేష్ దాన్ని నీళ్లలోకి దించాడు. అహ్మద్ ఒడ్డున నిలబడి చూశాడు. రెండుసార్లు బాగానే లేచింది. మూడోసారి ముక్కు పైకెత్తి, ఎత్తినది దిగకుండా, వెనక్కి తిరగబడింది. మూత ఉన్న పైభాగం నీటి అడుగుకు పోయింది. తోడు వెళ్లిన పడవలు దగ్గర్లోనే ఉన్నాయి. అయినా తాళ్లు వేసి ఒడ్డుకు లాగేసరికి ఆలస్యమైంది.

మూత పగలగొట్టి వాడిని బయటికి తీశాక జనమంతా వాడి చుట్టూ చేరారు. అహ్మద్ వాడి దగ్గరకు పోలేకపోయాడు. రెక్కల పడవ దగ్గరే ఉండిపోయి, మూత లోపలికి చెయ్యి పెట్టాడు. పిడి చేతికి తగిలింది. మూసి ఉన్నప్పుడు అది ముక్కుకు సూటిగా ఉండాలి. ఉండవలసిన చోట లేదు. మూడొంతులు తిరిగి ఆగిపోయింది. ఇంకొక్క వంతు తిరిగితే మూత ఊడేది. అక్కడున్నవాళ్లలో ఆ పిడి ఎలా ఉండాలో తెలిసినవాడు ఆయనొక్కడే. ఎవరితోనూ అనలేదు. అని ఏం లాభం అనుకున్నాడు. మధ్యాహ్నానికి దానిమీద టార్పాలిన్ కప్పి లారీలో తీసుకుపోయారు.

ఆ రోజు నుంచి ఆయన బల్ల ముందు కూర్చోలేదు. బల్ల మీద సర్దార్ బీ కుట్టిన గలీబులు దొంతరగా పేరుకున్నాయి. ఆ పల్లెకూ వెళ్లలేదు. రేపు వెళ్దాం, వచ్చే వారం వెళ్దాం అనుకుంటూ పది నెలలు గడిపేశాడు.

జనవరిలో ఒక మధ్యాహ్నం సూర్యకాంతమ్మే వచ్చింది. తట్ట అడుగున నాలుగు కానాగంత చేపలు మాత్రం మిగిలాయి. గుమ్మంలో తట్ట దించింది.

"బూబమ్మా, ఈ నాలుగూ నీకే ఉంచాను. తీసుకో."

"ఒద్దంటే మాత్రం ఊరుకుంటావేటి? లోపలికి రా సూరీకాంతం. టీ తాగు."

"ఒద్దమ్మా. ఒళ్లంతా నీసుకంపు." గుమ్మంలోనే కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "అన్నయ్యా, ఒక మాట అడగాలని వచ్చాను. కోప్పడకు."

"అడుగు సెల్లీ."

"ఆ బొమ్మలో మా గుంటడు కూర్సున్నాడు గదా. ఆడి పక్కన అంత కంత ఉంది గదా. మడిసి కాదు, గేదె కూడా పట్టేసేంత ఉంది. అందులోంచి ఆడు బయటికెందుకు రాలేదు?"

అహ్మద్‌కు మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

ఆవిడ ఆ రెక్కల పడవను ఎప్పుడూ చూడలేదు. షెడ్డుకు వెళ్లలేదు. ఆ పొద్దున చేపలతో తగరపువలసలో ఉంది. కబురు తెలిసి పరిగెత్తుకొచ్చేసరికి టార్పాలిన్ కప్పేశారు. ఆవిడ చూసింది గోడ మీది బొమ్మ ఒక్కటే. బొమ్మలో ఎడమ పక్క, తోక నుంచి ముక్కు దాకా, తెరిచి ఉంది.

"ఆడికి ఈత రాదా? నడక కన్నా ముందు ఈతొచ్చింది ఆడికి," అంది సూర్యకాంతమ్మ. గొంతు పెరగలేదు, తగ్గలేదు. "ఆ రోజు పొద్దున్నే వాళ్ల నాన తిట్టాడు. వేటకి రానన్నాడని. ఎల్లు, ఎల్లి ఆ డొక్కులోనే పడుండు, బయటికి రాకు అన్నాడు. ఆ మాట మనసులో పెట్టుకున్నాడేమో అన్నయ్యా. దారుండి కూడా, రాకుండా కూర్సున్నాడేమో."

సర్దార్ బీ చేపలు పక్కన పెట్టి గుమ్మం దగ్గరకు వచ్చింది.

"ఈ పది నెల్లూ ఎవరితోనీ అన్లేదు. ఆయన కూడా ఆ బొమ్మ కాసే సూత్తాడు. ఏటీ అనడు. వేట మానీసాడు."

అహ్మద్ నోరు తెరిచాడు. అక్కడ కంత లేదని చెప్పాలి. చెబితే, మరి దారేది అంటుంది. పైన మూత అనాలి. మూత ఎందుకు రాలేదు అంటుంది. అప్పుడు పిడి సంగతి చెప్పాలి. నీళ్లలో తలకిందులుగా వేలాడుతూ, దాన్ని మూడొంతులు తిప్పిన చేతి సంగతి చెప్పాలి. ఆ తల్లి అది వినగలదా?

"నీళ్ల జోరు, సెల్లీ..." అన్నాడు.

సూర్యకాంతమ్మ తల ఊపింది. అదే మాట అందరూ చెప్పారన్నట్టు ఊపింది. తట్ట నెత్తికెత్తుకుని, బస్సు టైమయిందని వెళ్లిపోయింది.

సర్దార్ బీ గలీబులు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది. బల్ల ఖాళీ అయింది. అహ్మద్ అప్పుడు పిడి సంగతి చెప్పాడు. అక్కకు చెప్పడం కూడా అదే మొదలు.

"ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నావా?"

"వింటే ఆవిడ తట్టుకోలేదు ఆపా. లోపల కొట్టుకున్నాడని తెలిస్తే."

"ఇప్పుడు తట్టుకుంటంది మరేటి?" సర్దార్ బీ కూర్చుంది. "కొడుకు ఆడి నాన మీద అలిగి సచ్చిపోయాడనుకుంటంది. ఆ మొగుడికి రోజూ అన్నం ఎడతంది."

అహ్మద్ తల దించుకున్నాడు. "తప్పు నాది. నాను తీసిన గోడ అది. అద్దం కట్టించినప్పుడయినా సెప్పాల్సింది. బొమ్మ సూసేవోళ్లందరికీ తెలుసనుకున్నాను."

"మరి రేపు ఎల్లు," అంది ఆవిడ. లేచి చేపలు కడగడానికి పెరట్లోకి వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే అహ్మద్ భీమిలి బస్సెక్కాడు. దిగి, ఇసుకదారిన నడిచి, సూర్యకాంతమ్మ తట్టతో బయల్దేరే వేళకు గుమ్మంలోకి వెళ్లాడు. గోడ మీది బొమ్మ దింపి నేల మీద పెట్టాడు. ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"ఇటేపు గోడుంది సెల్లీ," అన్నాడు, తెరిచి ఉన్న చోట అద్దం మీద వేలు పెట్టి. "గట్టి ఫైబరు గోడ. లోపలిది కనబడాలని బొమ్మలో నాను తీసేసాను. నిజంగా కంత లేదు."

ఆవిడ ఆ చోటంతా చేత్తో తడిమింది.

"మరి దారి?"

"పైన మూత. తిరగబడితే అది అడుక్కి పోయింది. పిడి తిప్పితేనే వస్తాది. తిప్పాడు. మూడొంతులు తిప్పాడు. నాను సెయ్యి పెట్టి సూసాను."

బయట ఎవరో పడవ ఇంజను స్టార్ట్ చేస్తున్నారు. రెండుసార్లు ఆగిపోయి, మూడోసారి అందుకుంది.

"అయితే ఆడు ఇంటికి రావాలనే సూసాడు."

"సూసాడు."

సూర్యకాంతమ్మ ఏడ్చింది. పెద్దగా, ఎవరికీ దాచకుండా. పక్కింటి ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. కాసేపటికి అహ్మద్, "ఈ గోడ గీసి మూసెయ్యమంటావా?" అని అడిగాడు.

"ఒద్దన్నయ్యా. మూసెత్తే ఆడు కనబడడు." బొమ్మ తనే ఎత్తి గోడకు తగిలించింది. ముఖం తుడుచుకుంది. "ఆయన ఒడ్డు కాడున్నాడు. నాను సెప్తే నమ్మడు. ఊరుకోబెట్టడానికి సెప్తన్నాననుకుంటాడు. నువ్వే సెప్పు."

వీరన్న ఒడ్డుకు లాగిన పడవ నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. వేటకు పోని మనిషికి వలతో ఏం పని అని అడగడం అందరూ మానేసినట్టున్నారు. అహ్మద్ వెళ్లి పక్కన ఇసుకలో కూర్చున్నాడు. గోడ సంగతి, మూత సంగతి, పిడి సంగతి మొదట్నుంచి చెప్పాడు. వీరన్న వల మీది నుంచి కళ్లెత్తలేదు. చేతులు మాత్రం ఆగాయి.

"ఎంత తిప్పాడన్నావ్?" అన్నాడు చివరికి.

అహ్మద్ పిడికిలి బిగించి ముందుకు చాపాడు. దాన్ని మెల్లగా తిప్పుతూ, ఎక్కడ ఆగిందో అక్కడ ఆపి, వీరన్న చూసేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.