రుమాలు వేసిన కుర్చీలు

డిగ్రీ అయిపోయినంక పటాన్‌చెరులో నాకంటూ మిగిలింది ఒక కుర్చీ. అదీ నాది కాదు, బస్టాండు వెనక ఉన్న శాఖా గ్రంథాలయానిది. ఇంట్ల ఒక్కటే గది, ఐదుగురం, ఒక టీవీ. టీవీకున్న ఇజ్జత్ నా చదువుకు లేకుండె. సర్కారు నౌకరి పరీక్షకు చదవాలంటే ఆ కుర్చీ తప్ప నాకు వేరే జాగ లేదు.

కుర్చీలు పన్నెండు. కూర్చునేటోళ్లు అంతకు రెట్టింపు. అందుకే బస్సు కిటికీలకెల్లి సీటు పట్టినట్టు, రుమాలు వేసే పద్ధతి పెట్టుకున్నం. ఫ్యాక్టరీలకు పోయేటోళ్లు పొద్దున లైబ్రరీ తెరవంగనే రుమాలు వేసి పోతుండిరి, సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి కూర్చుంటుండిరి. మధ్యాహ్నం లైబ్రరీకి తాళం పడేది, రుమాళ్లు మాత్రం లోపల డ్యూటీ చేసేవి. లైబ్రరీ సారు మొదట్ల కొట్లాడిండు. తర్వాత దుమ్ము దులిపేటప్పుడు రుమాలు ఎత్తి, మళ్ల అదే కుర్చీ మీద వేసుడు నేర్చుకున్నడు.

ఒకనాడు సారు మొహం వేలాడేసుకొని చెప్పిండు. "చదివేటోళ్లు లేరని పైకి రిపోర్టు పోయిందట. మన శాఖను సంగారెడ్డిల కలుపుతరట. ఎల్లుండి సాయంత్రం ఆరింటికి ఆఫీసరొచ్చి చూస్తడు."

డ్యూటీ దిగి, బస్సెక్కి, సంగారెడ్డి పోయి చదివేసరికి ఆనాటి పేపరు పాత పేపరైతది. గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీల పనిచేసే ఫిట్టరన్న (ఆయన కంటే ముందు ఆయన ఫ్యాక్టరీ వాసన లోపలికి వచ్చేది) అందరినీ నిలబెట్టి చెప్పిండు. "ఆరింటికి ఒక్క కుర్చీ ఖాళీ ఉండొద్దు. ఓవర్‌టైం ఇస్తమన్నా వద్దనాలె." ఓవర్‌టైం వద్దనుకోవడం మా దిక్కు చిన్న ప్రతిజ్ఞ కాదు. నవలల కోసం కాలనీ నుంచి వచ్చే కోస్తా అక్కయ్య, "ఆ రోజు మా ఇంట్లో వంట లేదండీ. మా వారికి చెప్పేశాను" అన్నది.

ఆఫీసరు ఐదు కాకముందే వచ్చిండు. జీపు జల్దీ దొరికిందట. లోపల లైబ్రరీ సారు గాక నేనొక్కన్నే ఉన్న. మిగతా పదకొండు కుర్చీల మీద రుమాళ్లున్నయి.

"పాఠకులేరీ?"

"వస్తరు సార్. సీట్లు పట్టుకున్నరు," అన్న నేను.

ఆయన రుమాళ్లను ఒక్కొక్కటే చూసిండు. "ఇవి చదువుతాయా?"

ఈ ప్రశ్న నా సిలబస్‌ల లేదు. ఆయన బయటికి మర్లంగనే నేను తలుపుకు అడ్డం పోలేదు. నిలబడ్డ, అంతే. తలుపు అక్కడ ఉండె.

"చాయ్ చెప్పిన సార్," అన్న. మా బస్టాండుల చాయ్ ఎంత నిదానంగా వస్తదో నాకు తెలుసు.

ఆయన ఒక పచ్చ రుమాలును రెండు వేళ్లతో పక్కకు పెట్టి కూర్చున్నడు. చాయ్ రాకముందే డ్యూటీలు దిగినయి. జనం వచ్చి ఎవరి రుమాలు దగ్గర వాళ్లు కూర్చున్నరు. ఫిట్టరన్న నేరుగా ఆయన ముందుకొచ్చి నిలబడ్డడు.

"జెర లేవుండ్రి సార్. గిది నా జాగ. ఆఫీసరొచ్చే టైమైంది."

"నేనే ఆ ఆఫీసర్ని."

లైబ్రరీ సారు కండ్లు మూసుకున్నడు. ఫిట్టరన్న పక్కకు పెట్టిన పచ్చ రుమాలును చేతిలకు తీసుకున్నడు.

"అయితే ఏంది సార్, రుమాలు వేసిండ్రా?"

ఆఫీసరు లేచిండు. చుట్టూ చూస్తే ఇగ ఒక్క కుర్చీ లేదు. అక్కయ్య నవలలోంచి తల ఎత్తకుండనే, "పొద్దున్నే వచ్చి వేసుకోవాలండీ" అన్నది. ఎవరో పేపర్ల నడిమి పేజీ తీసి ఆయన చేతిల పెట్టిండ్రు. బీరువాకు ఆనుకొని, చల్లారిన చాయ్ తాగుతూ, ఆయన ఆ పేజీ మొత్తం చదివిండు. పోయేటప్పుడు సారును ఒక్కటే అడిగిండు.

"రోజూ ఇలాగే ఉంటుందా?"

"లేదు సార్. ఆదివారమైతే నిలబడనీకె గూడ జాగుండదు."

శాఖ ఎటూ పోలేదు. కొన్నాళ్లకు ట్రాలీ ఆటోల నాలుగు కొత్త కుర్చీలు వచ్చినయి. వాటిని కిందికి దించకముందే ఒకదాని మీద నా రుమాలు వేసిన.