ప్రోసెసర్ బేరానికి వాడేసిన పాసు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే ఒప్పుకుంటాను. ఆ ఏడాదికి మాకు మిగిలిన ఆఖరి రైల్వే పాసు మీద కలకత్తా వెళ్లి, ఏమీ కొనకుండా తిరిగొచ్చాను. ఆ పాసు మీద నా భార్య విశాఖపట్నం వెళ్లాలి. అక్కడ వాళ్లక్కకి గర్భసంచి ఆపరేషన్. తల్లి పోయాక నా భార్యకి జడలు వేసి బడికి పంపింది ఆ అక్కే. మరిచిపోయానంటే సగం అబద్ధం. గుర్తుకు రాకుండా చూసుకున్నాను, అదీ నిజం.

తొంభైల నడుమ సంగతి. ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ల వరసలో కంప్యూటర్ ఉన్న గుమాస్తాను నేనొక్కణ్ణే. పిల్లల చదువు కోసం కొన్నానని అందరికీ చెప్పాను. మాకప్పటికి పిల్లలు లేరు. కొన్నది కార్ల పందెం ఆట కోసం. కొత్తగా వచ్చిన ఆటకి నా ఫోర్ ఎయిటీ సిక్స్ ప్రోసెసర్ చాలలేదు. తెర మీద నా కారు, సిగ్నల్ దొరకని గూడ్సు బండిలా ఆగి ఆగి కదిలేది. ప్రోసెసర్ మారిస్తే తప్ప లాభం లేదన్నారు. నా బోర్డులో పట్టే కాస్త వేగమైన రకం ఇప్పుడే కొనాలా, కొత్త తరం పెంటియం ధర దిగేదాకా ఆగాలా? ఈ ప్రశ్న మీద పెట్టిన ఆలోచన నేను నా పెళ్లి మీద కూడా పెట్టలేదు.

ధర కనుక్కోవడానికి కలకత్తా వెళ్లేవాణ్ణి. కంప్యూటర్ సామాన్లమ్మే చాందినీ బజారులో ఒక దుకాణదారు నన్ను చూడగానే నవ్వేవాడు. "ఇంకొన్నాళ్లు చూడండి దాదా, కొత్తది వస్తోంది, దీని రేటు పడిపోతుంది" అనేవాడు. అమ్ముకునేవాడే ఆగమంటే కొనేవాణ్ణి నేనెంత? మళ్లీ వెళ్లేసరికి రేటు నిజంగానే పడిపోయేది. ఈసారి పడింది కదా, ఇంకా పడుతుందేమోనని నేనే ఆగేవాణ్ణి.

ఏడాదికి ఇన్నని ఉచిత పాసులు ఇస్తారు కాబట్టి, టికెట్ కొని రైలెక్కడం రైల్వే కుటుంబాల్లో నామోషీ. హౌరా లోకల్ టికెట్ వెల ఏపాటిది! అయినా జేబులో చెయ్యి పెట్టడానికి మనసొప్పక, కన్యాకుమారి దాకా పనికొచ్చే పాసును హౌరాకి రాయించుకునేవాణ్ణి. పాసు రాసే ఆయన ఒకసారి తలెత్తి, "హౌరాకి పాసేటి బాబూ, ఏనుగెక్కి పక్కింటికెల్లినట్టు" అన్నాడు. నవ్వేసి సంతకం పెట్టించుకున్నాను.

ఆ ఆఖరి ప్రయాణం నుంచి తిరిగొచ్చేసరికి నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"అక్కకి శుక్రవారం ఆపరేషనంట. ఎదురింటికి బావ ఫోన్ సేసినాడు. రేపే పాసు రాయించండి."

నేను చెప్పులు విప్పడంలో చాలా శ్రద్ధ చూపించాను.

"ఏటండీ, మాటాడరు?"

"పాసు లేదు."

"లేకపోడమేటి? అక్క ఆపరేషన్‌కని ఒకటి ఉంచినానని దసరాకి మీరే అన్నారు గదా?"

"ఈవేళ కలకత్తాకి వాడీసినాను."

"ఏటి తెచ్చినారు?"

"ఏటీ తేలేదు. రేటింకా తగ్గుతాదంట."

ఆవిడ నా ఖాళీ చేతులకేసి చూసింది. అరిస్తే నాకు సుళువుగా ఉండేది. "జనవరి వస్తే కొత్త పాసులిస్తారు" అన్నాను.

"అయితే అక్క కడుపుకి మీరే ఫోన్ సేసి సెప్పండి, జనవరి దాకా ఆగమని. మీకు ఆగడం బాగా అలవాటు గదా." లోపలికి వెళ్లి పెట్టెలో చీరలు సర్దడం మొదలుపెట్టింది. "టికెట్ కొనుక్కుని ఎల్తాను. లోకంలో అందరూ కొనుక్కునే ఎల్తన్నారు."

మర్నాడు పొద్దున్నే ప్రోసెసర్ కోసం దాచిన డబ్బు తీసుకుని బుకింగ్ కౌంటర్ ముందు వరసలో నిలబడ్డాను. కిటికీ వెనక కూర్చున్నవాడు మా క్వార్టర్లలోనే ఉండే మనిషి.

"ఏటి గురూ, దారి తప్పినావా? పాసేటయింది?"

"అయిపోయింది. రెండు టికెట్లియ్యి, విశాఖపట్నానికి."

"డబ్బిచ్చీ?" ఆ మాట వెనక వరసంతా వినేలా అన్నాడు. "ఏటంత ముంచుకొచ్చీసింది?"

ఏదో ఒక కథ అల్లి తప్పించుకోవచ్చు. అబద్ధాలకి నాకు లోటు లేదు. అయినా చెప్పేశాను. "మా వదినకి ఆపరేషన్. దాని కోసం ఉంచిన పాసు నా కంప్యూటర్ ఆటకి వాడీసినాను."

"బాగుంది. ఆటలోనైనా నెగ్గినావా?"

"లేదు."

వరసలో నవ్వులు వినిపించాయి. వాడు మాత్రం నవ్వకుండా టికెట్లు కోసిచ్చాడు.

బెర్తులు దొరకలేదు. జనరల్ పెట్టెలో ఆవిడకి కిటికీ పక్కన చోటు సంపాదించి, నేను తలుపు దగ్గర మా ట్రంకు పెట్టె మీద కూర్చున్నాను. బరంపురంలో టీ తెచ్చిచ్చాను. తీసుకుంది, నా వైపు చూడలేదు. శుక్రవారం పొద్దున్న వదినని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లే ముందు చెల్లెలు పక్కన ఉంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. వినే అర్హత లేదనిపించి వరండాలో ఉండిపోయాను.

ఆ తర్వాత సెలవు పొడిగించుకున్నాను. ఆవిడ ఆసుపత్రిలో అక్క దగ్గర ఉంటే, నేను వదినగారింట్లో ఊడ్చి, వండి, కేరియర్ కట్టి తీసుకెళ్లేవాణ్ణి. అన్నం తినొచ్చని డాక్టరు చెప్పిన రోజు వదిన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఈ చారెవరు కాసినారే?" అంది.

"ఆయనే."

"మంచి మనిషే గానీ, ఉప్పెయ్యడం మరిసిపోయినాడు."

మంచి మనిషన్న మాటకి నా భార్య కిటికీలోంచి బయటికి చూసింది. మర్నాటి నుంచి ఉప్పు చూసి మరీ కేరియర్ కట్టాను. వదిన లేచి తన వంటింట్లో తాను నిలబడేదాకా అక్కడ పొయ్యి నేనే వెలిగించాను. నా భార్య నాతో మామూలుగా మాట్లాడడానికి అంతకన్నా ఎక్కువ రోజులే పట్టింది.