రోజుకో తప్పు

మా ఆయన పనికి వెళ్ళిపోయాక, పొయ్యి దగ్గరికి వెళ్ళేముందు, ఇల్లంతా ఒకసారి కళ్ళతో చుట్టి రావడం నాకు అలవాటు. చెప్పుల జతలో ఒకటి వెనక్కి తిరిగి ఉందా, గోడ మీది పటం ఒరిగిందా, ఉప్పు డబ్బా చోటికి పంచదార వచ్చిందా అని చూసేదాన్ని. ఆయన వెళ్తూ వెళ్తూ ఇంట్లో ఏదో ఒకటి కావాలని తప్పుగా పెట్టి వెళ్ళేవారు. సాయంత్రం గేటు తీస్తూనే "దొరికిందా?" అని అడిగేవారు.

ఇప్పుడు ఆయన లేరు. పెట్టినవన్నీ పెట్టిన చోటే ఉంటున్నాయి. చెప్పులు తిన్నగా, పటం తిన్నగా. అది చూస్తేనే నాకు గుబులు.

ఆయనది మందుల ఫ్యాక్టరీలో సీసాలు చూసే పని. వీధిలో అందరూ సీసాలాయన అనేవారు. ఎదురుగా ఒక లైటు, దాని కింద ఒక పలక, అందులో సగం తెలుపు, సగం నలుపు. ఇంజెక్షన్ మందు నింపిన చిన్న చిన్న సీసాలు వరసగా వస్తుంటే ఒక్కొక్కటే ఎత్తి, తిప్పి, పలక ముందు పట్టి చూడాలి. నల్ల నలుసు తెలుపు ముందు బయటపడుతుంది. పీచో, గాజు పెంకో అయితే నలుపు ముందు మెరుస్తుంది. పెళ్ళయిన కొత్తలో, కూర్చుని చూసినందుకు కూడా జీతమిస్తారా అని నవ్వేదాన్ని. ఒక్క పూట వచ్చి చూడు, అప్పుడు నవ్వుదువుగాని అనేవారు.

ఒకసారి ఆయన చేతి మీదుగా పోయిన సీసా తిరిగొచ్చింది. అందులో గాజు పెంకు ఉంది. ఎక్కడో ఆసుపత్రిలో నర్సు ముందే గమనించింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆయనకి తల కొట్టేసినట్టయింది. కంచం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకున్నారు.

"నేను దాన్ని చూశానోయ్. నా కళ్ళముందే తిప్పాను. మరి ఎలా పోయింది?"

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. కళ్ళు నిక్షేపంలా ఉన్నాయన్నాడట. దాంతో ఇంకా బెంగ పెట్టుకున్నారు. కళ్ళు చెడితే అద్దాలు పెట్టుకోవచ్చు. బాగున్న కళ్ళకి కనిపించకపోతే ఎవరితో చెప్పుకోవాలి?

తర్వాత ఫ్యాక్టరీవాళ్ళు ఒకావిడని పిలిపించారు. మనిషి బుర్ర ఎలా నడుస్తుందో చదువుకున్నావిడ. కొన్నాళ్ళు వీళ్ళ పక్కనే స్టూలేసుకుని కూర్చుంది. మనం సీసాల్లో నలుసులు వెతుకుతుంటే ఈవిడ మనలో వెతుకుతోందని వీళ్ళు జోకులేసుకున్నారట. ఆవిడ చెప్పిందంతా ఆయన ఇంటికొచ్చి నాకు పూసగుచ్చినట్టు చెప్పారు. కన్ను తెచ్చిచ్చేది కొంచెమేనట. మిగతాది బుర్ర తనకి తెలిసినదాంతో నింపేసుకుంటుందట. పొద్దుట్నుంచీ అన్నీ మంచి సీసాలే వస్తుంటే, రాబోయేదీ మంచిదేనని ముందే ఖాయం చేసేసుకుంటుంది. ఇక పెంకు ఎదురుగా ఉన్నా దానికి లేనట్టే లెక్క. అది బద్ధకమూ కాదు, అశ్రద్ధా కాదు.

"అందరి బుర్రా అంతేనట" అన్నారు. మళ్ళీ అదే మాట అన్నారు. చాన్నాళ్ళకి ఆ పూట కడుపునిండా తిన్నారు.

ఆవిడ రెండు మార్పులు చేయించింది. ఒకే చోట కూర్చుంటే కన్ను అలవాటు పడిపోతుంది కాబట్టి మధ్యమధ్య కుర్చీలు మారమంది. ఇంకొకటి, మంచి సీసాల మధ్య అప్పుడప్పుడు కావాలనే చెడ్డ సీసా కలపమంది. పొరపాటున బయటికి పోకుండా దాని అడుగున ఎర్ర చుక్క. ఎక్కడో ఒకటి ఉందని తెలిస్తే బుర్ర కునుకు తీయదట.

అదే ఆయన ఇంటికి తెచ్చారు. నీ కళ్ళు కూడా గుర్రు పెడుతున్నాయోయ్ అంటూ మొదలుపెట్టారు. అప్పట్లో మా అమ్మాయి చిన్నది. ఏది ఒరిగినా నాన్న పనే అనేది. ఇది నేను చెయ్యలేదని ఆయన, చేశావని అది, రోజూ తగువే. దాంతో ఎర్ర టేపు నియమం వచ్చింది. తాను పెట్టిన తప్పు వెనక గోరంత ఎర్ర టేపు అంటిస్తారు. అది ఉంటేనే లెక్క. ఇంకో నియమం కూడా ఉంది. దొరక్కపోతే ఆయన చెప్పరు, దొరికేదాకా కొత్తది పెట్టరు. ఒకసారి దిండు గలీబు తిరగేసి తొడిగి, నేను కనిపెట్టేదాకా దాని మీదే పడుకుని ముసిముసిగా నవ్వుకున్నారు. పిల్ల పెద్దదై ఉద్యోగానికి వెళ్ళిపోయింది. ఆట మాత్రం మా ఇద్దరికీ మిగిలింది.

ఆఖరి రోజు పొద్దున గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ "ఇవాళ్టిది గట్టిదోయ్. నీ వల్ల కాదు" అన్నారు.

మధ్యాహ్నం, పలక ముందు కూర్చుని ఉండగానే, గుండె ఆగిపోయింది. సాయంత్రం మా గేటు వేరేవాళ్ళు తీశారు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక నేను వెతకడం మొదలుపెట్టాను. ఆయన నాతో అన్న చివరి మాట అదే కదా. అది ఇంట్లోనే ఎక్కడో ఉంది. నాకది కావాలి. వెతుకుతుంటే ప్రతిదీ వంకరగానే కనిపించేది. ఎర్రగా ఉన్నదల్లా టేపు ముక్కే అనిపించేది. ఒకనాడు బీరువా వెనక ఎర్రగా కనిపించింది. గోకితే పాత పెయింటు. లేనిది ఉందనుకున్నా బుర్ర అలాగే చూపిస్తుందని కూడా ఆవిడ చెప్పిందట. పక్కింటి గేటు కిర్రుమన్నా నాకు "దొరికిందా?" అనే వినిపించేది.

నాకు తోడుగా ఉందామని మా ఆడపడుచు వచ్చింది. ఆయన చెల్లెలు, టైలరు. వచ్చిన మర్నాడే నేను చాపలు ఎత్తి కింద చూస్తుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇంట్లో దొంగలు పడ్డా ఇంతలా వెతకరు, వదినా."

ఉన్నదంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. కుట్టు ఊడిన తన చీర అంచు సర్దుకుంటూ, అన్నయ్యే లేనప్పుడు ఆయన పెట్టిన తప్పు దాచుకుని ఏం చేసుకుంటావంది. ఇల్లంతా దులిపి, కడిగి, గుడ్డలన్నీ ఉతికేద్దాం, అదెక్కడుందో అందులోనే పోతుంది, నీ మనసూ కుదుటపడుతుంది అంది. నా మంచికే అంటోంది. కానీ అది దొరక్కుండానే చెరిగిపోతే, ఇక ఎప్పటికీ దొరకదు. రెండు రోజులు ఆగమన్నాను. ఆగింది. ఆ రెండు రోజుల్లో మళ్ళీ అవే మూలలు చూశాను. ఏమీ లేదు. ఇక కాదనే మొహం లేకపోయింది.

ఆమె ముక్కుకి గుడ్డ కట్టుకుని చీపురు పట్టింది. ఆమె ఏది తీస్తే నేను దాని వెనకాలే వెళ్ళి అడుగు భాగం చూస్తున్నాను. రెండు మూడుసార్లు ఊరుకుని, చివరికి నా భుజాలు పట్టుకుని ఆయన కుర్చీలో కూర్చోబెట్టింది. "అడ్డం రాకుండా ఇక్కడ కూర్చో తల్లీ."

ఆ కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు. ఆయన పోయాక దాని వంక చూడటమే మానేశాను. ఎండ కళ్ళలో పడుతోందని ఆమె ఎదురు కిటికీ కర్టెన్ ఈ చివర నుంచి ఆ చివరికి లాగింది. మధ్యలో ఒకచోట పట్టేసింది. విదిలించి లాగింది. రోజూ నేనూ అలాగే విదిలిస్తాను. మూసేటప్పుడు నా చెయ్యి దాని మీద ఉంటుంది గానీ ధ్యాస పొయ్యి మీదో, తలుపు గొళ్ళెం మీదో ఉంటుంది.

కుర్చీలోంచి చూస్తే పైన గుడ్డ ఒకచోట కుంగి ఉంది. రెండు కొక్కేలు ఒకే రింగుకి తగిలించి ఉన్నాయి. పక్క రింగు ఖాళీ.

లేచి స్టూలెక్కాను. మడత వెనక గోరంత ఎర్ర టేపు, అంచులు దుమ్ముపట్టి నల్లబడి ఉంది.

దిగి మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చున్నాను. సాయంత్రం వచ్చి, ఇక్కడే కాళ్ళు చాపుకుని, ఎదురుగా అది వేలాడుతుండగా నన్ను అడుగుదామనుకున్నారన్నమాట.

"దొరికింది" అన్నాను.

ఆడపడుచు చీపురు ఆపింది. తర్వాత నేను ఎటు చూస్తున్నానో అటు చూసింది. టైలరు కదా, చూడగానే పట్టేసింది. దించి ఉతికి, కొక్కేలు సరిగ్గా తగిలిస్తానంటూ స్టూలెక్కబోయింది.

"దాన్ని ఉండనీ."

"ముట్టుకుంటే చేతికి నలుపంటుకుంటోంది వదినా."

"ఉండనీ అమ్మా. సరిచేస్తే ఇంకొకటి పెట్టేవాళ్ళు లేరు."

ఆమె స్టూలు దిగి, దాన్ని గోడవారకి జరిపింది. ఇంట్లో కర్టెన్లన్నీ ఆ సాయంత్రమే ఉతికి ఆరేశాం. కుర్చీ ఎదురుగా ఉన్నది మాత్రం అలాగే వదిలేశాను. పొద్దున జరిపేటప్పుడు అక్కడ పట్టేస్తుంది. ఇప్పుడు విదిలించడం లేదు.