నెవిల్ మూతలు

నెవిల్‌కి మూత పిచ్చి. మామూలుగా కాదు, ఏ డబ్బా మూత తీసినా, వేసినా నలుగురికీ వినపడేలా కేకేసి చెప్పాల్సిందే. చెప్పకపోతే అన్నం అరగదన్నట్టు ఉండేవాడు.

"మూత తీస్తున్నా!" అని పొద్దున్నే అతని పెరటి షెడ్డులోంచి కేక వినిపించేది. కాసేపటికి, "మూత వేశా! గడియ పెట్టా! ఎడ్నా అత్త లోపలుంది!"

ఎడ్నా అత్తంటే మనిషి కాదు, సాలీడు. ఫనెల్‌వెబ్ అనే విషపు సాలీడంటే ఆస్ట్రేలియాలోని ఆ యుమైనా ఊళ్ళో పసిపిల్లాడికి కూడా తెలుసు. నల్లగా నిగనిగలాడుతూ, కోరలతో బూటు తోలుని కూడా పొడిచే రకం, కరిస్తే ప్రాణం మీదికొస్తుంది. అలాంటివాటిని నెవిల్ షెడ్డు నిండా పెంచేవాడు. ఒక్కోదానికి ఒక్కో మేనత్త పేరు పెట్టాడు. ఎవరొచ్చినా ముందు కాళ్ళెత్తి మీదికి లేస్తుందని, అన్నిట్లోకీ పెద్దదానికి ఎడ్నా అత్త పేరు పెట్టాడు. అసలు ఎడ్నా అత్త కూడా అచ్చం అంతేనట.

పక్కింటి గ్లెనిస్‌కి సాలీడంటే చచ్చేంత భయం. భర్త పోయాక అడిలైడ్ నుంచి వచ్చి, సముద్రపు గాలి తగులుతుందని ముచ్చటపడి ఆ ఇల్లు కొనుక్కుంది. కంచె అవతల ఏముందో ఎవరూ చెప్పలేదు. తెలిసిన రోజున, "ఈ ముసలోడు పోతాడో, నేను పోతానో!" అనుకుంది. కానీ మళ్ళీ ఇల్లు అమ్మి సామాన్లు సర్దుకునే ఓపిక లేక ఉండిపోయింది. పొద్దున టీ పోసుకుని, కంచె అవతలి నుంచి "మూత వేశా!" వినిపించేదాకా కప్పు ముట్టేది కాదు.

"ఏమయ్యా నెవిల్, రైల్వే స్టేషన్లో పనిచేశావా ఏంటి? ఏమిటా అరుపులు?" అని ఒకసారి కంచె మీదుగా అడిగింది.

"అలవాటు, గ్లెనిసమ్మా. అలవాటు."

ఆ అలవాటు షెడ్డులో ఆగితే బాగుండేది. చర్చి విందులో బీట్‌రూట్ సీసా అందుకుని, "మూత తీస్తున్నా!" అన్నాడు. ప్రార్థనలో ఉన్న పాస్టరు ఒక కన్ను తెరిచాడు. తిన్నాక, "మూత పెట్టేశా! బీట్‌రూట్ లోపలుంది!" ఇంకోసారైతే కీత్ అంత్యక్రియల్లో! శవపేటిక మూత దించుతుంటే అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. నెవిల్ నోరు ఊరుకోలేదు. "మూత వేశారు. కీత్ లోపలున్నాడు" అనేశాడు. కీత్ భార్య ఆ వారంలో మొదటిసారి నవ్వింది. నవ్వీ నవ్వీ బెంచీ మీద కూలబడింది. పక్కనే కూర్చున్న గ్లెనిస్ మాత్రం సిగ్గుతో ముఖం టోపీలో దాచుకుంది.

ఇంత అరిచే మనిషి పని దగ్గర మాత్రం మహా జాగ్రత్త. డబ్బాలో డబ్బా, గడియ మీద గడియ. తన మూర పొడవు పటకారు లేకుండా దేన్నీ కదిపేవాడు కాదు. "ఒక్కసారి చేతి మీద పెట్టుకోనివ్వు, ఫోటో తీసుకుంటా" అని సిడ్నీ నుంచి వచ్చిన మేనల్లుడు అడిగితే గుమ్మంలోంచే బయటికి గెంటాడు.

"అది కుక్కపిల్ల అనుకున్నావురా? దానికి నీ ముద్దులు అక్కర్లేదు. తడి మట్టి, వారానికో బొద్దింక. ప్రేమంటే దాని జోలికి వెళ్ళకపోవడమే!"

సాలీడు కరిస్తే కట్టు కట్టడం కూడా వీధి వీధంతటికీ అతనే నేర్పాడు. ఇంటింటికీ తలుపు వెనక ఒక బ్యాండేజీ చుట్ట తగిలించాడు. నెలకోసారి తన పెరట్లో సాసేజీలు కాల్చి పెట్టేవాడు, కానీ ముందు కట్టు కట్టి చూపిస్తేనే సాసేజీ. "కరిచిందా? అడగొద్దు, నడిపించొద్దు, కడగొద్దు! వేళ్ళ నుంచి భుజం దాకా గట్టిగా చుట్టు, కదలకుండా పడుకోబెట్టు, అంబులెన్సుకి ఫోన్ చెయ్యి!" అని సాసేజీ తిప్పుతూ పాఠం చెప్పేవాడు. గ్లెనిస్‌ది పోస్టాఫీసులో పార్సిళ్ళు కట్టిన చెయ్యి. ఆమె కట్టు కడితే చిరునామా రాసి తపాలా బిళ్ళ అంటించడమే తరువాయి.

ఆ బుధవారం గాలి హోరుమంటోంది. గ్లెనిస్ ఇంట్లో బట్టల మిషను గడగడలాడుతోంది. ఆ రెండూ దాటుకుని నెవిల్ కేక వినిపించింది, ఎప్పుడూ లేనంత గట్టిగా.

"మూత తీస్తున్నాఆ!"

తర్వాత ఏమీ లేదు.

గ్లెనిస్ కప్పు పట్టుకుని నిలబడింది. మిషను ఆపి విన్నది. టీ చల్లారింది. మూత వేసిన కబురు లేదు.

"నెవిల్! ఏయ్ నెవిల్! మూతేదయ్యా?" జవాబు లేదు.

మూత తీసి ఉంది. ఎడ్నా అత్త ఎక్కడుందో తెలీదు. నెవిల్ ఎలా ఉన్నాడో తెలీదు. తలుపు వేసుకుని ఇంట్లో కూర్చోవాలని ఒళ్ళంతా మొత్తుకుంటోంది. అయినా బూట్లు దులిపి తొడుక్కుంది, ఎదురింటి నర్సు సెలాకి ఫోన్లో "నెవిల్! షెడ్డు! అంబులెన్సు!" అని అరిచింది, బ్యాండేజీ చుట్ట లాక్కుని, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తొక్కని ఆ షెడ్డులోకి దూరింది.

నెవిల్ బల్లకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి నోటికి అడ్డం, వేళ్ళ సందుల్లోంచి చొంగ. రెండో చెయ్యి డబ్బా వైపు చూపిస్తోంది. చొంగ కారడం, మాట పడిపోవడం విషం లక్షణాలని పాఠం చెప్పింది ఆయనే కదా!

"ఓరి దేవుడా, కరిచేసింది!"

నెవిల్ తల అడ్డంగా ఊపాడు.

"కదలకు! కదలొద్దని చెప్పింది నువ్వేగా!" అని అతన్ని నేల మీద పడేసింది. ఏ చెయ్యి కరిచిందో అడగొద్దన్నాడు కదా, అడగలేదు. రెండు చేతులూ చుట్టేసింది. బ్యాండేజీ ఇంకా మిగిలితే ఎందుకైనా మంచిదని ఒక కాలు కూడా చుట్టింది. పాపం నెవిల్ ముక్కుతో డబ్బా వైపు చూపిస్తూనే ఉన్నాడు.

"చావకు నెవిల్! నువ్వు చస్తే నాకు పొద్దున్నే మూత సంగతి ఎవడు చెప్తాడు? నేను టీ ఎలా తాగను?" అని ఏడుస్తూనే ముడి బిగించింది.

అంతలో సెలా పరిగెత్తుకొచ్చింది. నాడి చూసింది, కళ్ళు చూసింది, కట్ల సందుల్లోంచి చర్మం చూసింది. చివరికి నోరు తెరిపించి చూసి, "బాబాయ్, నీ పళ్ళేవీ?" అంది.

నెవిల్ మళ్ళీ ముక్కుతో చూపించాడు. సెలా లేచి డబ్బా గాజు గోడలోంచి లోపలికి చూసింది. లోపల గులాబీ రంగు కట్టుడు పళ్ళు. వాటి మీద సింహాసనమెక్కినట్టు ఎడ్నా అత్త, ముందు కాళ్ళు పైకెత్తి. మూత వేసి ఉంది. గడియ పెట్టి ఉంది. దాని మీద ఇంకో గడియ కూడా.

గ్లెనిస్‌కి ప్రాణం లేచొచ్చింది. వెంటనే కోపం కూడా వచ్చింది. "మూత వేసినవాడివి వేశానని అరవడానికేం?"

"ఎలా అరుస్తాడు అక్కా, పళ్ళు లేకుండా? నీ ముందు బోసినోరు తెరుస్తాడా?" సెలా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "కొత్త పళ్ళు ఇంకా వదులని మొన్నే చెప్పాను కదా బాబాయ్, గట్టిగా అరిస్తే ఊడిపడతాయని. అయినా అక్క ఇంట్లో మిషను తిరుగుతోంటే మానతావా?"

"నా మిషనుకీ ఈయన అరుపుకీ ఏం సంబంధం?"

సెలా నవ్వు ఆపింది. "నీకు తెలీదా? నువ్వొచ్చిన కొత్తలో తడిబట్టల బుట్ట పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయేదానివి, పెరట్లోకి అడుగు పెట్టేదానివి కాదు. ఈ సాలీళ్ళు షెడ్డులో ఎన్నేళ్ళుగానో ఉన్నాయి. నువ్వు రాకముందు ఈయన ఒక్కనాడు మూత మాటెత్తితే ఒట్టు. మొన్న నువ్వు మీ చెల్లెలి దగ్గరికి అడిలైడ్ వెళ్ళావా, నెల్లాళ్ళూ ఈ షెడ్డులోంచి చిన్న దగ్గు కూడా వినపడలేదు."

గ్లెనిస్ బీట్‌రూట్ సీసా గుర్తు చేసుకుంది. కీత్ శవపేటిక గుర్తు చేసుకుంది. రెండుచోట్లా తను పక్కనే ఉంది. నేల మీద పార్సిల్లా పడున్న నెవిల్ షెడ్డు పైకప్పు వంక చూస్తున్నాడు, చెవులు ఎర్రగా కందిపోయాయి.

అంబులెన్సు వాళ్ళు వచ్చి, నిదానంగా పరీక్షించి, ఏమీ లేదని తేల్చారు. "ఈ కట్టు ఎవరు కట్టారు? మా వాళ్ళకి చూపించాలి" అని గ్లెనిస్ టీ తాగి మరీ వెళ్ళారు. ఎడ్నా అత్త కూర్చున్న పళ్ళు మళ్ళీ నోట్లో పెట్టుకోకూడదని నెవిల్ వాటిని పారేశాడు. కొత్తవి వచ్చేదాకా రేకు డబ్బా మోగించాడు, మూత తీస్తే ఒక దెబ్బ, వేస్తే రెండు. గ్లెనిస్ ఆ రెండో దెబ్బ దాకా ఆగి టీ తాగింది.

కొత్త పళ్ళు వచ్చిన పొద్దున ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"మూత తీస్తున్నా!" కాసేపటికి, "మూత వేశా! గడియ పెట్టా! ఎడ్నా అత్త లోపలుంది!"

ఇన్నేళ్ళలో మొదటిసారి గ్లెనిస్ కంచె ఇవతల నుంచి జవాబిచ్చింది.

"విన్నాను నెవిల్! మరి పళ్ళో?"

అవతల నుంచి నెవిల్ గొంతు పెంచాడు.

"అవీ లోపలే ఉన్నాయి, గ్లెనిసమ్మా!"