మస్తాన్‌ను తీసుకొచ్చిందెవరు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, ముందే చెప్పేస్తున్నాను. విశాఖపట్నంలో ఆసుపత్రి నర్సుగా పాతికేళ్ళకు పైగా పనిచేశాను. నా చేతుల్లో పోయినవాళ్ళెవరూ తిరిగొచ్చి నన్ను పలకరించింది లేదు. కొత్తగా చేరిన పిల్లలు మార్చురీ వైపు వెళ్ళడానికి జంకితే, "బతికున్నవాళ్ళతోనే వేగలేక చస్తున్నాం, పోయినోళ్ళేం చేస్తారే మిమ్మల్ని!" అని కసిరేదాన్ని.

అయినా ఈ ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

డెబ్బైల చివర్లో మాట. మూత్రాశయంలో క్యాన్సరు వచ్చినవాళ్ళ మీద మా పెద్ద డాక్టరుగారు పరిశోధన మొదలుపెట్టారు. కంతి తీసేశాక అదే రోగిని ఏళ్ళ తరబడి చూస్తూ ఉండాలి. ఎవరికి తిరగబెట్టింది, ఏ వైద్యంతో ఎవరు ఎన్నాళ్ళు బతికారు అన్నది తేలాలంటే అదొక్కటే దారి. ఆ జబ్బు పోయినట్టే పోయి మళ్ళీ మొలుస్తుంది. మొలిచిన కొత్తలో పట్టుకుంటే కాల్చి తీసేయొచ్చు. ఆలస్యమైతే ఇక అంతే. అందుకని మూడు నెలలకోసారి బల్ల మీద పడుకోబెట్టి, మూత్రం వచ్చే దారిలోంచి సన్నని గొట్టం లోపలికి పంపి చూసేవారు. రోగులు తప్పిపోకుండా చూసే పని నాది.

గొట్టమంటే మగవాళ్ళకు నొప్పి, అంతకు మించి సిగ్గు. మూత్రంలో రక్తం ఆగితే చాలు, జబ్బు పోయిందనుకుని మానేసేవారు. ఇళ్ళకు వెళ్ళి, తిట్టి, బతిమాలి వాళ్ళను రప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చేది.

వాళ్ళలో ఇద్దరుండేవారు. అప్పన్న పోర్టులో కళాసీ. ఉక్కు ఫ్యాక్టరీకి ఊరు పోతే దువ్వాడ దగ్గర ఇల్లు వేసుకున్నాడు. మస్తాన్ పాత పట్నంలో బట్టలకు రంగులద్దే సాయిబు. మా వరండా బెంచీ మీదే పరిచయమై, బావా అంటే బావా అనుకునేంత దగ్గరయ్యారు.

మస్తాన్‌కి గొట్టం చూస్తే ప్రాణం పోయేంత భయం. అందుకని ఎప్పుడూ అప్పన్నే ముందు లోపలికి వెళ్ళేవాడు. బస్సులో సీటు పట్టినట్టు బెంచీ మొదట్లో తువ్వాలు పరిచి చోటు పట్టేవాడు. పరీక్ష అయ్యాక పళ్ళు బిగబట్టి బయటికొచ్చి, "ఏటీ నేదు బావా, సీమ కుట్టినట్టుంటాది, ఎల్లు" అనేవాడు. పచ్చి అబద్ధం. ఆ అబద్ధం వింటే గానీ మస్తాన్ కదిలేవాడు కాదు.

కొన్నేళ్ళకు అప్పన్నకు జబ్బు లోతుకు దిగింది. ఏం చేసినా లొంగలేదు. ఇంటికి వెళ్ళిపోయాడు. తోడు లేకపోయేసరికి మస్తాన్ రావడం మానేశాడు. నేను అతని రంగుల కొట్టుకు వెళ్తే, "రక్తం పడట్లేదు కదా సిస్టరమ్మా, ఇంకేటి? బావ లేందే నాను బల్లెక్కను" అని మొండికేశాడు.

అప్పన్నను చూడటానికి వెళ్ళినప్పుడు ఆ సంగతి చెప్పాను. "నాను తీసుకొత్తానమ్మా ఆడిని, నీకెందుకు" అన్నాడు. మంచం మీద ఒత్తిగిలడానికే ఓపిక లేని మనిషి ఆ మాట అంటే నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఒక సోమవారం పొద్దున డ్యూటీకి వెళ్ళాను. పరీక్ష గదికి తాళం వేసే ఉంది, తాళంచెవి నా దగ్గరే. బెంచీ మొదట్లో తువ్వాలు పరిచి ఉంది. దాని పక్కన మస్తాన్ కూర్చుని ఉన్నాడు.

"ఏటి సాయిబూ, దారి తప్పి వచ్చావా?" అన్నాను.

"బావ పొద్దున్నే కొట్టుకాడికొచ్చి పిలిచాడమ్మా. ఇద్దరం కలిసే వచ్చాం. ఆడు ముందే లోపలికెళ్ళి వచ్చీసాడు. ఈసారి నిజంగానే నొప్పి నేదంట. నన్ను ఎల్లమన్నాడు."

నాకు ఒళ్ళు మండింది. తాళం తియ్యని గదిలోకి ఎలా వెళ్ళాడయ్యా అంటే, "అదేటో మరి, ఆడే చెప్పాడు" అన్నాడు. అంత జబ్బు మనిషి రైలెక్కి వచ్చాడా అని వరండా, టీ కొట్టు, గేటు అన్నీ వెతికాను. లేడు. తిరిగొచ్చేసరికి తువ్వాలూ లేదు. అది ఇంకెవరిదైనా అయ్యుండొచ్చు, తీసుకుపోయుండొచ్చు. కాదనను.

ఆ రోజు ఎవరూ బతిమాలకుండానే మస్తాన్ బల్లెక్కాడు. లోపల కొత్త కంతి కనిపించింది. ఇంకా చిన్నదే. మర్నాడు మత్తిచ్చి కాల్చి తీసేశారు. కొన్నాళ్ళు ఆగి ఉంటే ఇతనిదీ అప్పన్న దారే అయ్యేదని డాక్టరుగారు అన్నారు. మస్తాన్ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఒక్క పరీక్షా మానలేదు.

ఆ వారం ఆదివారం నేను దువ్వాడ వెళ్ళాను. మస్తాన్ గండం గడిచిందని చెప్పి, ఆ ఒంటితో ఊరు తిరిగినందుకు అప్పన్నకు నాలుగు చీవాట్లు పెడదామనుకున్నాను. గుమ్మంలో అడుగుపెట్టాను. అతని భార్య పైడమ్మ బోసి మెడతో గోడకు చేరగిలబడి ఉంది. నన్ను చూడగానే బావురుమంది.

అప్పన్న పోయి రెండు వారాలు దాటిందట. మస్తాన్ వచ్చిన ఆ సోమవారం పొద్దునే అతని పెద్దకర్మ జరిగింది. ఇరుగుపొరుగు అంతా అదే చెప్పారు. ఆసుపత్రికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. మస్తాన్‌కి కబురు చేద్దామంటే, అతని కొట్టెక్కడో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

పైడమ్మ పక్కనే కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు ఆమెకు చెప్పాను. దాచబుద్ధి కాలేదు. మస్తాన్ భయంలో భ్రమ పడ్డాడేమో అని కూడా అన్నాను. ఆమె అది వినిపించుకోలేదు.

"ఆకరి రోజుల్లో మూత్రం బిగిసిపోయి కేకలెట్టీవోడమ్మా. నాను బయటికెల్లి సెవులు మూసుకునీదాన్ని" అంది. కొంగుతో మొహం తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "నొప్పి నేదన్నాడా అమ్మా?"

"లేదన్నాడు పైడమ్మా" అన్నాను.

మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. నేను రైలుకు లేచేదాకా అదే అడుగుతూ ఉంది, నేను అదే చెబుతూ ఉన్నాను. ఆ మాట నిజంగా ఎవరు అన్నారో, బావ పోయాడని తెలియని మస్తాన్ నోటికి అది ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. కానీ పైడమ్మకు చెబుతున్నంతసేపూ, అబద్ధం చెబుతున్నానని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.