నాయన రూముకు రెండు తలుపులు

మొన్న ఆదివారం మా ఇంట్లో ఇద్దరు చావాల్సింది. తక్కువలో తక్కువ ఒకరు. ఎవరూ చావలేదు. ఆస్పత్రికి పోయింది మాత్రం నేనే. నాకేమీ కాలేదు, అందుకే రాస్తాండా.

మా నాయన జమ్మలమడుగులో లెక్కల సారు. రిటైరై శానా ఏండ్లయింది. బడి ఆయన్ను వదిలింది గానీ, ఆయన పిల్లోళ్లను వదల్లేదు. పొద్దున్నే కాఫీ తాగి ఫోన్ ముందర కూచుంటాడు. "ఏరా, ఏం చేస్తాండావు?" అవతల ఉండేది తాసిల్దారైనా, చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో మూటలెత్తేవాడైనా అదే ప్రశ్న. అవతలివాడు లేచి నిలబడి మాట్లాడతాండాడా, కూచుని మాట్లాడతాండాడా అనేది ఆయనకు ఫోన్‌లోనే తెలుస్తుంది. కూచునుంటే వెంటనే లేవమని చెప్తాడు.

ఆ పిల్లోళ్లలో ఇద్దరున్నారు. నరసన్న, కొండన్న. ఒకే క్లాసు, ఒకే బెంచీ. ఇప్పుడు నరసన్న ఉండేది ప్రొద్దుటూరులో, కొండన్న ఉండేది పులివెందుల దోవలో ఒక పల్లెలో. ఒకాయనది ఒక పార్టీ, ఇంకొకాయనది ఇంకో పార్టీ. ఎలక్షన్లకొకసారి ఈయన ఆ పార్టీలోకి పోతాడు, ఆయన ఈ పార్టీలోకి వస్తాడు. పగ మాత్రం ఎక్కడున్నది అక్కడే. రెండు పక్కలా మనుషులు పోయినారు. ఇద్దరి మధ్య మాట లేక ఏండ్లయింది. ఎక్కడికి పోయినా జీపులోనే పోతారు. వెనక సీట్లో మనుషులుంటారు. సీటు కింద ఏముంటాయో మా వీధిలో ఎవరినడిగినా చెప్తారు.

మా పక్క పెండ్లికి శుభలేఖ ఒకటే, టైములు రెండు. ఒక పార్టీ ముహూర్తానికి వస్తుంది, ఇంకో పార్టీ దీపాలు పెట్టినాక వస్తుంది. ఎవరూ నోరు తెరిచి చెప్పరు. ఆ ఇంటి ఆడవాళ్లు చూసుకుంటారు. ఉప్పు, కారం చూసుకున్నట్లే ఇదీ.

నాయనకు కంటి ఆపరేషన్ అయింది. సారును చూడాలని ఇద్దరి దగ్గర నుంచీ కబురొచ్చింది. ఇద్దరూ ఆదివారమే అన్నారు. నేను నరసన్నకు పొద్దున పది అని చెప్పినా. కొండన్నకు సాయంత్రం నాలుగు అని చెప్పినా. నా తెలివికి నేనే మురిసిపోయినా.

శనివారం నేను అంగడికి పోయినప్పుడు కొండన్న ఫోన్ చేసినాడంట. నాయన ఎత్తినాడంట. ఇది నాకు తర్వాత తెలిసింది.

"నాలుక్కొస్తా సార్."

"నాలుక్కు ఇంటి బెల్లురా. బడికి ఎవుడన్నా ఇంటి బెల్లుకొస్తాడా? పదికి రా."

"సరే సార్."

అంతే. మళ్లీ ఒక మాట లేదు. లేచి నిలబడే ఉంటాడు.

ఆదివారం పది కొడుతూనే ముందర వాకిట్లో జీపు ఆగింది. నరసన్న ద్రాక్షపండ్ల సంచి పట్టుకుని ఒక్కడే లోపలికొచ్చినాడు. మనుషులు జీపులోనే ఉన్నారు. చెప్పులు విడుస్తాండాడు. అప్పుడు వెనక సందులో ఇంకో జీపు హారను వినపడింది. కిటికీలోంచి చూసినా. తెల్ల జీపు. కొండన్నది.

మా కూతురు ఎస్తేరు వంటింట్లో వడలు వేస్తాంది. నాకు మొదట గుర్తొచ్చింది అది. దాని చుట్టూ రెండు జీపులు.

"నరసన్నా, ఈడొద్దు, ఎండ. లోపల కూచో, నాయన వస్తాడు" అన్నా. హాల్లో ఎండ లేదు. ఆయన పాపం ఎదురు అడగలేదు. నాయన రూములోకి పంపి, తలుపు దగ్గరికేసి, గొళ్లెం పెట్టినా. నాయన పక్కింటి మస్తానయ్య దగ్గర పేపరు చదివించుకోను పోయినాడనుకున్నా. బడి టైములో పండుకునే అలవాటు ఆయనకు పుట్టి బుద్ధెరిగి లేదు.

వంటింట్లోకి పరిగెత్తినా. మా ఇంటాయన పెరట్లోంచి వచ్చినాడు. చెమటలు కారతాండాయి. మొగంలో మాత్రం గొప్పగా ఉంది.

"కొండన్న వచ్చినాడు. ముందర నరసన్న జీపు ఉండాది గదా, చూసినా. దాచిపెట్టినా."

"నేను నరసన్నను దాచిపెట్టినా" అన్నా.

"యాడ?"

"నాయన రూములో. గొళ్లెం పెట్టినా. నువ్వు యాడ పెట్టినావు?"

మా నాయన రూముకు రెండు తలుపులు. ఒకటి హాల్లోకి, ఒకటి పెరట్లోకి.

మా ఇంటాయన చేతిలోని చెంబు కింద పెట్టినాడు.

"గొళ్లెం కూడా పెట్టినావా?" అనడిగినా.

"గట్టిగా."

"మా, వడలు ఎందురికి?" అంది ఎస్తేరు.

ముగ్గురం హాల్లో తలుపు ముందర నిలబడినాం. చెవి పెట్టి విన్నాం. అరుపుల్లేవు. కుర్చీ పడిన చప్పుడు కూడా లేదు. అరుపులుంటే ఇంకా మనుషులున్నారనుకోవచ్చు. ఏ చప్పుడూ లేకపోతే ఏమనుకోవాల? ముందర జీపులో ఎవరో దగ్గినారు. వెనక సందులో ఎవరో బీడీ ముట్టించినారు. లోపల ఒక్క కేక లేస్తే ఈ రెండు గుంపులూ మా హాల్లోనే కలుస్తాయి.

ప్రార్థన చేద్దామని కండ్లు మూసుకున్నా. నోట్లో పదమూడో ఎక్కం వచ్చింది. సారు కూతురిని. ఆగి, మళ్లీ మొదలుపెట్టినా. మళ్లీ ఎక్కమే.

"తీయి" అన్నాడు మా ఇంటాయన, నా వెనక నిలబడి.

తీసినా.

నాయన మంచం మీద వెల్లకిలా పండుకోనుండాడు. నల్ల కండ్లద్దాలు పెట్టుకుని, నోరు తెరుచుకుని, గురక పెడతాండాడు. కంట్లో మందేసి ఎస్తేరే పండబెట్టిందంట. మంచం పక్కన, బడిలో బెంచీలు మార్చేటప్పుడు ఆయన తెచ్చుకున్న పాత బెంచీ. దాని మీద నరసన్న, కొండన్న. చేతులు కట్టుకుని కూచోనుండారు. వాళ్ల మధ్యన ద్రాక్షపండ్ల సంచి.

నన్ను చూసి ఇద్దరూ ఒకేసారి మూతి మీద వేలు పెట్టుకున్నారు.

"అక్కా, సారు పండుకున్నాడు" అన్నాడు నరసన్న, గుసగుసగా.

ఆ గుసగుసకే నాయన లేచినాడు. బాంబులకు లేచే మనిషి కాదు, క్లాసులో గుసగుసలకు లేస్తాడు.

"ఎవుర్రా అది?"

ఇద్దరూ లేచి నిలబడినారు.

"నరసన్న సార్."

"కొండన్న సార్."

నాయన అద్దాలు సర్దుకుని, బాగున్న కంటితో చూసినాడు. "మీరిద్దురూ మళ్లీ ఒకే బెంచీనా? ఇంక పాఠం జరిగినట్లే. దూరం దూరం కూచోండిరా. ఒకటే మాటలు మీకు!"

"సరే సార్" అని చెరొక కొసకు జరిగినారు.

ఇంతవరకే నాకు గుర్తుంది. గడప మీదనే పడిపోయినానంట.

నాయన మంచం మీద నుంచే కేకలు పెట్టినాడంట. "చూస్తాండారేందిరా! ఆస్పత్రికి ఎత్తుకోని పోండి! నరసుడా, నువ్వు తల పక్క పట్టు. కొండుడా, నువ్వు కాళ్లు పట్టు. మా అల్లుడు వాకిలి తీస్తాడు." మా ఇంటాయనకు ఆయన ఎప్పుడూ అలికి పనే, బరువు లేని పనే ఇస్తాడు.

ముందర వాకిట్లోకి వచ్చేసరికి నాకు తెలివొచ్చింది. ఎండ మొగం మీద పడింది. రెప్పల సందులోంచి చూసినా. నరసన్న మనుషులు జీపు దిగి నిలబడినారు. సందు తిరిగి కొండన్న మనుషులు కూడా వచ్చినారు. అందరి చేతులూ సగం దోవలో ఆగిపోయినాయి. ఇద్దరు నాయకులూ కలిసి ఒక ఆడమనిషిని మోస్తాంటే ఎవరిని కొట్టాల?

నేను కండ్లు తెరవలేదు. తెరిస్తే దించుతారు. ఇద్దరి చేతులూ నా కింద ఉన్నంతసేపూ ఇంకో దాని మీదికి పోవు. ఊపిరి బిగబట్టుకోని పండుకున్నా. వీలైనంత సేపు మోయనీ అనుకున్నా.

ఏండ్ల తరబడి ఎంతమందో పెద్దమనుషులు పంచాయితీలు చేసినా వాళ్లిద్దరి చేత ఒక్క మాట మాట్లాడించలేకపోయినారు. నా మొగం మీదుగా ఆ రోజు మాట్లాడుకున్నారు. నా చెవులతో విన్నా.

"బరువుండాది" అన్నాడు కొండన్న.

"శానా" అన్నాడు నరసన్న.